19 వేల జీతంతో సొంతంగా గది తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 24. మాది ఖమ్మం జిల్లాలో ఓ పల్లెటూరు. హైదరాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. జీతం 20,800. కటింగులు పోను చేతికి 19,000 వస్తుంది. అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్‌లో, ముగ్గురం ఉండే గదిలో, భోజనంతో కలిపి 6,500 కడుతున్నాను. ఇంటికి 4,000 పంపుతాను. అందులో 3,000 నాన్న మిర్చి పంట కోసం తెచ్చిన లక్షన్నర అప్పు మీద వడ్డీకే పోతుంది. ఫోన్ ఈఎంఐ 2,000, ఇంకా ఐదు నెలలు ఉంది. నా మిగతా ఖర్చులు 4,000. బ్యాంకులో 26,000 ఉన్నాయి. పొద్దున ఆరింటికే డ్యూటీ. రూమ్‌మేట్స్ అర్ధరాత్రి దాకా పడుకోరు. దగ్గర్లో 8,000 అద్దెకు సింగిల్ రూమ్ చూశాను. ‘పెళ్లయ్యేదాకా హాస్టలే మేలు’ అంటోంది అమ్మ. నేను గది తీసుకుంటే దుబారా అవుతుందా?

జవాబు: దుబారా ఎంతమాత్రం కాదు. తెల్లవారకముందే లేచి, రోజంతా రక్తం నమూనాలతో పనిచేసే మనిషికి కంటినిండా నిద్ర కావాలి. మీరు అడుగుతున్నది విలాసం కాదు. అయినా ఒక్కరే ఆ గదిలోకి వెళ్లడానికి ఇది సమయం కాదంటాను.

హాస్టల్ ఫీజుతో గది అద్దెను పోల్చి ‘1,500 తేడాయే కదా’ అనుకుంటారు చాలామంది. హాస్టల్ ఫీజులో మూడు పూటల తిండి, కరెంటు, నీళ్లు అన్నీ ఉన్నాయి. గదిలో అవన్నీ విడిగా కట్టాలి. అద్దె 8,000, నీళ్లు, మెయింటెనెన్స్ 500, కరెంటు 500, గ్యాస్, సరుకులు, కూరగాయలు, వండుకునే ఓపిక లేని రోజున కర్రీ పాయింట్ ఖర్చుతో కలిపి 4,800 వేసుకుందాం. మొత్తం 13,800. దానికి ఇంటికి పంపేది, ఈఎంఐ, మీ ఖర్చులు కలిపితే 23,800. వచ్చేది 19,000. ఫోన్ బాకీ తీరిపోయాక కూడా నెలకు 2,800 తక్కువ పడుతుంది. ఆ లోటు పూడ్చడానికి లోన్ యాప్ జోలికి మాత్రం వెళ్లకండి.

దిగడానికయ్యే ఖర్చు వేరే. రెండు నెలల అడ్వాన్స్ 16,000, మొదటి నెల అద్దె 8,000, స్టవ్, గిన్నెలు, పరుపు, బకెట్లు వగైరా ఓ 10,000. అంటే 34,000 కావాలి. మీ దగ్గరున్నది 26,000.

అదే గదిని మీలాగే పొద్దున డ్యూటీ ఉన్న సహోద్యోగితో కలిసి తీసుకుంటే? మీ వాటా అద్దె 4,000, నీళ్లు, మెయింటెనెన్స్ 300, కరెంటు 300, తిండి 3,700. మొత్తం 8,300. ఈఎంఐ అయిపోయాక, ఇంటికి పంపేది, మీ ఖర్చులు పోను నెలకు 2,700 మిగులుతుంది. దిగే ఖర్చులో మీ వాటా 17,000. ఈ ఐదు నెలలూ ఇప్పటిలాగే 2,500 చొప్పున దాచుకుంటే బ్యాంకులో 38,500 అవుతుంది. గదిలో దిగాక కూడా 21,500 ఉంటుంది. ఒక నెల ఖర్చు మొత్తం ఏ ఆదాయం లేకుండా గడిచేంత డబ్బు అది. అందులో 4,000 మాత్రం కదిలించొద్దు. ఆ అమ్మాయికి పెళ్లి కుదిరో, ఉద్యోగం మారో మధ్యలో వెళ్లిపోతే, ఇంకొకరు దొరికేదాకా ఆమె వాటా మీరే కట్టాలి.

ఈ ఐదు నెలలూ నిద్ర లేకుండా గడపమనడం లేదు. మీ హాస్టల్‌లోనే ఇద్దరుండే గది దొరుకుతుందేమో అడగండి. వెయ్యి, పదిహేను వందలు ఎక్కువైనా ఇవ్వొచ్చు. పొదుపు ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి గది మారడం రెండు మూడు నెలలు వెనక్కి జరుగుతుంది, అంతే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి. లక్షన్నరకు నెలకు 3,000 వడ్డీ అంటే నూటికి రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతం. ఏటా 36,000 కడుతున్నారు, అసలు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గడం లేదు. మీ సొంత గదికి అడ్డం పడుతున్నది మీ టిఫిన్లు, బట్టల ఖర్చు కాదు, ఈ వడ్డీయే. నాన్న పేరున పట్టాదార్ పాస్‌బుక్ ఉండి, బ్యాంకులో పంట రుణం ఇంకా తీసుకోకపోతే, వచ్చే సీజన్ పెట్టుబడికి కిసాన్ క్రెడిట్ కార్డు కింద అడగమనండి. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే రాయితీతో 4 శాతమే పడుతుంది. పెట్టుబడి బ్యాంకు నుంచి వస్తే, పంట అమ్మిన డబ్బులో కొంత బయటి అప్పు అసలుకు వేయొచ్చు. కౌలు భూమి అయితే బ్యాంకులో ఇది అంత తేలిగ్గా జరగదు. అప్పుడు అమ్మ మహిళా సంఘంలో ఉంటే సంఘం ద్వారా వచ్చే బ్యాంకు రుణం చూడండి. లక్షన్నర మీద 7 శాతం అంటే నెలకు 875 రూపాయలే. మీకు నెలకు రెండు వేలకు పైగా మిగులుతుంది. ఇంటికి పంపేది తగ్గించమని నేను చెప్పను. అది ఎక్కడికి పోతోందో మాత్రం ఈసారి ఊరెళ్లినప్పుడు నాన్నతో కూర్చుని లెక్క రాయండి. హాస్టలా, గదా అన్న వాదన అమ్మతో ఆ తర్వాత పెట్టుకోవచ్చు. కూతురు అప్పు లెక్క తేల్చగలదని చూశాక ఆమె మాట కూడా మెత్తబడుతుందని నా నమ్మకం.

గది వెతికేటప్పుడు అమీర్‌పేటకే కట్టుబడక్కర్లేదు. మహాలక్ష్మి పథకం వల్ల సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు ప్రయాణం ఉచితం. కాస్త దూరం వెళితే అద్దె తగ్గొచ్చు. అయితే తెల్లవారుజామున మీ డ్యూటీకి అందేలా బస్సు ఉందో లేదో స్వయంగా వెళ్లి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. రోజూ ఆటో ఎక్కితే తగ్గిన అద్దె అంతా దానికే పోతుంది.

అడ్వాన్స్ ఫోన్‌పే లాంటి వాటిలో పంపి, రసీదు తీసుకోండి. 11 నెలల అగ్రిమెంట్ ఇద్దరి పేర్లమీదా ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారో అందులోనే రాయించండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి. కరెంటు మీటర్ రీడింగ్ దిగిన రోజే ఫొటో తీయండి. గ్యాస్‌కు 5 కిలోల ఛోటూ సిలిండర్ తీసుకోవచ్చు. దానికి అడ్రస్ ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు చాలు.

ఇంకొకటి. మీ జీతం 20,800 కాబట్టి ఇప్పుడు మీకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే వైద్య బీమా ఉంది. మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా అందులో వైద్యం అందే వీలుంది. దానికి నెల జీతం పరిమితి 21,000. ఇంక్రిమెంట్ ఐదొందలు పెరిగినా మీరు ఆ గీత దాటుతారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి, ఇలా ఆరేసి నెలల లెక్కన చందా నడుస్తుంది కాబట్టి, జీతం పెరిగిన ఆ ఆరు నెలలూ పూర్తయ్యేదాకా చందా కటింగ్ కొనసాగుతుంది. ఆ లోపే కంపెనీ వాళ్లు గ్రూప్ ఇన్సూరెన్స్ ఇస్తారో లేదో హెచ్ఆర్‌ను అడగండి. ఇవ్వకపోతే, పెరిగిన జీతంలో మొదటి ఖర్చు మీ ఆరోగ్య బీమా ప్రీమియమే కావాలి. కొత్త గదికి ఫ్రిజ్ తర్వాత కొనుక్కోవచ్చు.