సరిహద్దు ఊళ్ళో స్థిరపడాలంటే ముందు రాష్ట్రం తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: మీకు 54, మీ వారికి 58. హైదరాబాద్ అద్దెలు, ట్రాఫిక్ ఇక వద్దనుకున్నారు. సగం పని ఆన్‌లైన్‌లో చేసుకుంటూ, ఖర్చు తక్కువగా, నిదానంగా సాగే ఊళ్ళో ఉండాలని ఉంది. 76 ఏళ్ళ మీ అమ్మగారు మీతోనే వస్తారు, ఆవిడకి తెలుగు తప్ప వేరే భాష రాదు. ఒడిశా సరిహద్దులో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం పేర్లు విన్నారు. ఏది మేలు?

మేము విశాఖ నుంచి వచ్చి పర్లాకిమిడిలో ఉంటున్నాం. మా ఆయన ఉద్యోగం మానేశారు. నేను విశాఖలోని కొన్ని దుకాణాల జీఎస్టీ లెక్కలు ఇంట్లో కూర్చుని చూస్తాను. అందుకే మీ ప్రశ్న చదవగానే రాయాలనిపించింది. చాలామంది ఊరి అందం, ఇంటి అద్దె చూసి నిర్ణయం తీసుకుంటారు. నా మటుకు నేను అంతకంటే ముందు తేల్చుకోమనేది ఇంకొకటి ఉంది. మీరు ఏ రాష్ట్రం లెక్కలో ఉండబోతున్నారు? ఇక్కడ మనుషులు రోజూ సరిహద్దుకు రెండు వైపులా తిరుగుతారు, కాగితాలు మాత్రం ఒక వైపే ఉంటాయి. రేషన్ కార్డు, ఓటు, ఆరోగ్య పథకం, స్థలం పట్టా, బండి రిజిస్ట్రేషన్, అన్నీ దీని మీదే ఆధారపడతాయి.

పర్లాకిమిడి గజపతి జిల్లా కేంద్రం. 1992లో గంజాం జిల్లా నుంచి విడదీసి ఈ జిల్లా ఏర్పాటు చేశారు. మహేంద్రతనయ నది దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. మేము అమ్మవారి దర్శనానికి పాతపట్నం నీలమణి దుర్గ గుడికి వెళ్తాం, అటువాళ్ళు ఇటు బజారుకి వస్తారు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు కలిసిపోయిందని గిడుగు రామమూర్తి గారు మనసు కష్టపెట్టుకుని, ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన ఈ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ సరిహద్దు గీత ఆయనకి అంత బాధ కలిగించింది. ఇప్పుడు ఇక్కడ ఉండే తెలుగువాళ్ళకి అది బాధ కాదు గానీ, ఏ ఆఫీసుకి వెళ్ళినా ఎదురయ్యే విషయం.

మాట విషయంలో మీ అమ్మగారికి దిగులు అక్కర్లేదు. బజారులో, గుడిలో, మందుల షాపులో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది. మా వీధిలో ఒడియా ఇళ్ళూ తెలుగు ఇళ్ళూ కలిసే ఉన్నాయి. పిల్లలు ఒకే వాక్యంలో రెండు భాషలూ కలిపేస్తారు. పొద్దున్నే కొండల మీది నుంచి సవర ఆదివాసీ ఆడవాళ్ళు మూటలతో దిగుతారు. రోడ్డు పక్కన వరసగా కూర్చుని చింతపండు, కొండచీపుర్లు, కాలాన్ని బట్టి పనసకాయలు, అనాసపళ్ళు పెడతారు. వాళ్ళలో వాళ్ళు సవరలో మాట్లాడుకుంటారు, పక్కింటి ఒడియా ఆవిడతో ఒడియాలో బేరం, నాతో తెలుగులో. సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసిన రామమూర్తి గారు ఆ భాష నేర్చుకున్నది ఈ ఊళ్ళో ఉంటూనే. నిదానం అంటే నాకు ఇదే. ఇంటికి కావలసినవి నడిచి వెళ్ళి తెచ్చుకుంటాను, దారిలో నలుగురు పలకరిస్తారు, అయినా తొమ్మిది కొట్టేసరికి లాప్‌టాప్ ముందు ఉంటాను.

కానీ ఆఫీసు మెట్లెక్కితే అంతా ఒడియా. అందుకే స్థలం గురించి కాస్త వివరంగా రాస్తాను. మా దగ్గర్లో ఒక స్థలం అమ్మకానికి వచ్చినప్పుడు మా ఆయన పట్టా నకలు పట్టుకుని దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్ళారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పేరూ విస్తీర్ణమూ చూడకుండా ముందు ‘కిసమ్’ అనే గడి మీద వేలు పెట్టారు. అక్కడ ‘ఘరబారి’ అని ఉంటే ఇల్లు కట్టుకునే స్థలం. దీని మీద మాత్రం ‘శారద’ అని ఉంది, అంటే వరి పొలం. దాన్ని ఇంటి స్థలంగా మార్చాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఎ సెక్షన్ కింద తహసీల్దారుకి దరఖాస్తు పెట్టుకోవాలి. ‘ముందు మార్పించి ఇమ్మనండి, తర్వాతే బయానా’ అన్నారు ఆయన. మేము ఆ స్థలం వదిలేశాం. భూలేఖ్ అనే ప్రభుత్వ భూరికార్డుల సైట్‌లో ప్లాటు నంబరు కొడితే ఈ వివరాలు ఎవరైనా చూడొచ్చు, చదివి చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండాలి, అంతే. ఇక్కడ స్టాంపు డ్యూటీ మగవారికి 5 శాతం, ఆడవారికి 4, పైన రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. కొంటే మీ పేరునో మీ అమ్మగారి పేరునో కొనండి.

దీనికంటే పెద్ద విషయం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే ఆదివాసీల భూమికి చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చే ప్రాంతం. రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా అందులోకి వస్తాయి, జయపురం కూడా కోరాపుట్ జిల్లాలోదే. ఈ ప్రాంతాల భూముల కోసం చేసిన 1956 నాటి ఒడిశా రెగ్యులేషన్ ప్రకారం, 2002 సవరణ తర్వాత మరీ గట్టిగా, ఆదివాసీల భూమి ఆదివాసీలు కానివాళ్ళకి బదిలీ కావడానికి వీల్లేదు. ఆదివాసేతరుల మధ్య అమ్మకాలు జరుగుతాయి, కానీ ఆ భూమి ఎక్కడి నుంచి చేతులు మారుతూ వచ్చిందో వెనక్కి తవ్వి చూడాలి. పర్లాకిమిడి పట్టణం షెడ్యూల్డ్ ప్రాంతంలో లేదు గానీ దీని చుట్టూ ఉన్న గుమ్మ, రాయగడ బ్లాకులు ఉన్నాయి. ఈ రాయగడ బ్లాకు గజపతి జిల్లాలోది, రాయగడ పట్టణం వేరే జిల్లా. బ్రోకరు ‘రాయగడ’ అంటే ఏ రాయగడ అని అడగండి. కొండ కింద చవకగా వస్తోందని ఎవరో ఒక ఆదివాసీ పేరు మీద ఉంచి నడిపించే బేరాలు మీ దాకా వస్తాయి. దయచేసి వాటి జోలికి వెళ్ళకండి. చట్టం సంగతి ఒకటి, మనం ప్రశాంతంగా బతకడానికి వచ్చి ఇంకొకరి నేల లాక్కోవడం ఇంకొకటి. నేను దాన్ని ఒప్పుకోలేను.

అసలు మొదటి ఏడాది కొనకండి. అద్దెకి దిగండి, అదీ జూలైలో. సంక్రాంతి దాకా ఉంటే వానలు, తుపాన్లు, చలి మూడూ చూసేస్తారు. డిసెంబరులో వచ్చి చూసిన వాళ్ళకి ఈ ఊరు స్వర్గంలా కనిపిస్తుంది, అక్టోబరు సంగతి వాళ్ళకి తెలియదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి నేరుగా ఈ కొండల మీదికి వచ్చింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి చాలామంది చనిపోయారు. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ తిత్లీకి ముందు, తిత్లీకి తర్వాత అని చెప్తారు. ఇల్లు చూసేటప్పుడు వీధి పల్లంలో ఉందా, పైకప్పు రేకా స్లాబా, బావి ఉందా అని అడగండి. మీ సంపాదన నెట్ మీద ఆధారపడింది కాబట్టి వేర్వేరు కంపెనీల కనెక్షన్లు రెండు, మంచి ఇన్వర్టరు తప్పనిసరి. నెలకి 11న, 20న నాకు రిటర్నులు వేసే గడువులు. అక్టోబరు వస్తే నేను వాటిని ముందే ముగించేస్తాను, చివరి రోజు దాకా ఉంచితే టెన్షన్ తప్పదు.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి మీ పని గురించీ చెప్తాను. మీకు తెలంగాణలో జీఎస్టీ నంబరు ఉండి, పని చేసే చోటు ఒడిశాకి మారిస్తే అడ్రసు మార్పుతో సరిపోదు. నంబరు రాష్ట్రానికి ఒకటి, కాబట్టి ఒడిశాలో కొత్తది తీసుకుని పాతది రద్దు చేసుకోవాలి. సర్వీసు పని మీద ఏడాదికి 20 లక్షలు దాటని వాళ్ళకి మామూలుగా ఈ బాధ లేదు. బండి కూడా అంతే. వేరే రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంచితే అక్కడి రిజిస్ట్రేషన్ చేయించాలి. తెచ్చుకునే ముందు హైదరాబాద్ ఆర్టీఏ నుంచి అభ్యంతరం లేదనే పత్రం, ఎన్‌ఓసీ తీసుకోండి.

ఖర్చు గురించి అందరూ అడుగుతారు గానీ అందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. విశాఖలో ఇచ్చిన అద్దెలో మూడో వంతుకి కాస్త అటూ ఇటూగా, పెరడు ఉన్న ఇల్లు దొరికింది. కూరలు, పాలు, పనిమనిషి జీతం తగ్గాయి. గ్యాసు, పెట్రోలు, మందులు ఎక్కడైనా అంతే. మిగిలినదంతా మిగులు అనుకోకండి, అందులో ఒక భాగం పెద్ద డాక్టర్ల కోసం చేసే ప్రయాణాలకి పోతుంది. ఆ భాగాన్ని మొదటి నెల నుంచే పక్కన పెట్టండి.

మీ అమ్మగారి కోసం చూడాల్సింది ఆ వైద్యమే. పర్లాకిమిడిలో జిల్లా ఆసుపత్రి ఉంది, జ్వరం, బీపీ, సుగర్, చిన్న దెబ్బలకి సరిపోతుంది. గుండె, ఎముకలు, కళ్ళ పెద్ద ఆపరేషన్లకి మేము శ్రీకాకుళమో విశాఖో వెళ్తాం. ఒడియా వాళ్ళు ఎక్కువగా బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి వెళ్తారు. 70 దాటిన వారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి వచ్చింది, ఒడిశా కూడా 2025లో ఆయుష్మాన్‌లో చేరింది. ఆవిడ ఆధార్‌తో ఆ కార్డు చేయించుకోండి, అది రాష్ట్రం దాటినా ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో పనికొస్తుంది. ఆంధ్ర, తెలంగాణల సొంత ఆరోగ్య పథకాలు మాత్రం అక్కడి నివాసులకే. మీకూ మీ వారికీ ప్రైవేటు బీమా ఉంటే, క్యాష్‌లెస్ ఆసుపత్రులు విశాఖలోనూ భువనేశ్వర్‌లోనూ ఉన్నాయా అని చూసుకుని మరీ కట్టండి.

రైలు సంగతి. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి ఇక్కడికి నడిచింది. 2004లో ఆపేసి, 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజి చేశారు. ఇప్పుడు విశాఖకి పాసింజరు ఉంది. మెయిన్ లైను కావాలంటే నౌపడాకో పలాసకో వెళ్ళి ఎక్కాలి. హైదరాబాద్‌కి నెలనెలా తిరగాల్సిన పని ఉంటే ఈ ఊరు మీకు విసుగు పుట్టిస్తుంది.

మిగతా ఊళ్ళ గురించి నాకు తెలిసినంత చెప్తాను. బరంపురంలో మెడికల్ కాలేజీ ఉంది, హౌరా–చెన్నై మెయిన్ లైను ఉంది, తెలుగువాళ్ళు దండిగా ఉన్నారు, ఇచ్ఛాపురం దగ్గరే, సాయంత్రం గోపాలపురం సముద్రం. అన్నీ ఉన్నాయి, ఒక్క నిదానం తప్ప. అది పెద్ద ఊరు, హారన్ల మధ్యే బతకాలి. రాయగడ నాకు ఇష్టమైన ఊరు, విజయనగరం–రాయపూర్ లైను మీద ఉంది, మజ్జిగౌరి అమ్మవారి గుడికి మన ఉత్తరాంధ్ర వాళ్ళు బోలెడంతమంది వెళ్తారు, పార్వతీపురం దగ్గర. అద్దెకైతే హాయిగా ఉండొచ్చు. కోరాపుట్, జయపురం వైపు చల్లదనం బాగుంటుంది, కోరాపుట్‌లో మెడికల్ కాలేజీ కూడా ఉంది. కానీ విశాఖకి రోడ్డు మీద వెళ్ళాలంటే ఘాట్ రోడ్డే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడని ఆ మలుపుల్లో కూర్చోబెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం ఎంత కష్టమో ఒక్కసారి ఊహించండి.

ఇంకో దారి ఉంది, మా పరిచయస్తులు కొందరు అదే చేశారు. పాతపట్నంలో ఇల్లు తీసుకుని ఆంధ్ర నివాసులుగా ఉంటూ, బజారు, స్నేహాలు పర్లాకిమిడిలో పెట్టుకున్నారు. పింఛను, ఆరోగ్య పథకం, పట్టా అన్నీ తెలుగులో, తెలిసిన పద్ధతిలో ఉంటాయి. ఒడియా చదవడం వచ్చిన మనిషి మీ ఇంట్లో ఎవరూ లేకపోతే నేను మొదట ఇదే చూడమంటాను. మేము ఒడిశా వైపే ఉన్నది మా ఆయనకి ఒడియా రాయడం, చదవడం వచ్చు కాబట్టి.

మీ అమ్మగారి ఆరోగ్యం గురించి మీరు రాయలేదు. బీపీ, సుగర్ వరకే అయితే పాతపట్నమో పర్లాకిమిడో నిశ్చింతగా చూడండి. డయాలసిస్ గానీ, నెలకోసారి స్పెషలిస్టు చూడాల్సిన జబ్బు గానీ ఉంటే నా మాట మార్చుకుని బరంపురమే అంటాను, ఎంకేసీజీకి దగ్గర్లో ఇల్లు వెతకండి.