పాత క్యాథలిక్ ఆసుపత్రుల్లో చాపెల్‌ని (చిన్న ప్రార్థనా మందిరాన్ని) రోగుల వార్డులోనే ఎందుకు కట్టేవారు?

మంచం దిగలేని రోగికి కూడా దివ్యబలిపూజ (గురువు పీఠం దగ్గర చేసే ప్రధాన ఆరాధన) కనబడాలని. ఫ్రాన్స్‌లోని బోన్ పట్టణంలో ఉన్న ఒతెల్-ద్యూ చూస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. బర్గండీ డ్యూక్ కొలువులో చాన్సలర్ (ప్రధానాధికారి) నికోలా రోలాన్, ఆయన భార్య గిగోన్ 1443లో పేదల కోసం స్థాపించిన ఆసుపత్రి అది.

దాదాపు 50 మీటర్ల పొడవైన హాలు. తిరగేసిన పడవలా చెక్క కప్పు, దూలాల చివర్లు డ్రాగన్ల నోళ్లలోంచి వస్తున్నట్టు రంగులతో చెక్కారు. రెండు గోడల వెంబడి ఎర్ర తెరల మంచాలు. హాలు చివర్లోనే చాపెల్, మధ్యలో చెక్క అడ్డు మాత్రమే. తెర తీస్తే చాలు, పీఠం వైపు చూడొచ్చు.

ఆ పీఠం మీద రోజియర్ వాన్ డర్ వైడెన్ వేసిన 'తుది తీర్పు' చిత్రం ఉండేది, లోకాంతంలో క్రీస్తు మనుషుల్ని స్వర్గానికీ నరకానికీ వేరుచేసే దృశ్యం. మామూలు రోజుల్లో దాని తలుపులు మూసే ఉండేవి, ఆదివారాల్లో, పండగల్లో తెరిచేవారు. చావుకు దగ్గరైన మనిషికి ఆ దృశ్యం ధైర్యమిచ్చేదో, భయపెట్టేదో! నాకైతే రెండూ అనిపిస్తాయి.

మందులు పెద్దగా లేని ఆ కాలంలో ప్రార్థన కూడా వైద్యంలో భాగమే. సేవ చేసింది కన్యస్త్రీలు. భర్త పోయాక గిగోన్ కూడా ఇక్కడే సేవలో గడిపింది, ఆమె సమాధి ఆ చాపెల్‌లోనే ఉంది.