షేవింగ్ బ్రష్, సోపు మారిస్తే మెడ మీద మంట తగ్గుతుందా?

డబ్బా ఫోమ్‌తో గడ్డం గీసుకున్న ప్రతిసారీ మెడ మీద మంట, ఎర్రటి పొక్కులు వస్తున్నాయన్నారు. బ్రష్, సోపుకు మారితే తగ్గుతుందా, ఏ బ్రష్ కొనాలి, ముందు నూనె రాసుకోవాలా అని అడిగారు. దాదాపు ఆరేళ్లు నేనూ ఇదే బాధ పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

తగ్గుతుంది. అయితే అసలు పని చేసేది నీళ్లు. ఆ నీళ్లను జారిపోకుండా ముఖం మీద పట్టి ఉంచడానికే బ్రష్ అయినా, సోపు అయినా. ఈ సంగతి తెలియక నేను చాలా డబ్బు, అంతకంటే ఎక్కువగా మెడ చర్మం పోగొట్టుకున్నాను.

మంచి బ్యాడ్జర్ బ్రష్ (బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసేది) కొన్నాను, మంచి సోపు కొన్నాను. నాలుగు నెలలు గడిచినా మంట అలాగే ఉంది. సోపు పడలేదేమోనని ఇంకోటి మార్చాను, బ్లేడు మార్చాను. ఏమీ తేడా లేదు. ఒకరోజు పొద్దున చూస్తే సోపు అయిపోవచ్చింది. గిన్నె అడుగున ఒక మూల గోరంత మందాన అంటుకుని ఉంది. ఆ పూటకు ఎలాగో నెట్టుకొద్దామని బ్రష్‌ను బాగా తడిపి ఆ ముక్క మీదే తిప్పాను. నురగ ఎప్పటిలా తెల్లగా గుట్టలా లేవలేదు. పలచగా, తడిగా, మెరుస్తూ ముఖానికి పూతలా అంటుకుంది. ఈ రోజు మెడ పని అయిపోయిందనుకున్నాను. కానీ రేజర్ పెట్టగానే జారింది. మెడ కింది భాగంలో రోజూ పట్టి లాగినట్టుండే చోట కూడా ఆగలేదు. కడుక్కున్నాక మంట లేదు.

మర్నాడు కొత్త సోపుతో, అన్నే నీళ్లు పోసి చూశాను. మళ్లీ అదే హాయి. అప్పుడు అర్థమైంది: నాలుగు నెలలూ నేను ముఖానికి పూసుకున్నది సోపు ముద్ద. చూడటానికి దట్టంగా ఉండేది కానీ అందులో నీళ్లు చాలేవి కావు.

గడ్డం వెంట్రుక కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్. పొడిగా ఉన్నప్పుడు దాన్ని కోయడానికి చాలా బలం కావాలి. గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు నిమిషాలు నానితే ఉబ్బి మెత్తబడుతుంది, తక్కువ బలంతోనే తెగుతుంది. 2020లో అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక విషయం చూపించారు: వెంట్రుక కంటే బ్లేడు ఉక్కు దాదాపు యాభై రెట్లు గట్టిదైనా, గీసేటప్పుడు వెంట్రుక వంగి ఒక పక్కకు ఒత్తిడి పెడితే బ్లేడు అంచున సూక్ష్మమైన పెచ్చులు ఊడిపోతాయట. అంచు చెడిన బ్లేడు కోయడం మాని లాగుతుంది. ఆ లాగుడే మీ మెడకు శత్రువు. కాబట్టి వీలైతే స్నానం చేసిన వెంటనే షేవ్ చేసుకోండి. కుదరకపోతే ముఖం బాగా కడుక్కుని, తుడుచుకోకుండానే నురగ పెట్టండి.

ఇక బ్రష్. మొదటిసారి కొనేవాళ్లెవరు అడిగినా నేను సింథటిక్ బ్రష్ తీసుకోమనే చెబుతాను. నైలాన్ లాంటి పోగులు కాబట్టి నానబెట్టే పని లేదు, వాసన రాదు, గంటల్లో ఆరిపోతుంది. పోగులు నీళ్లు పీల్చుకోవు కాబట్టి సోపుకు ఎన్ని నీళ్లు అందుతున్నాయో మీకు స్పష్టంగా తెలుస్తుంది. నేర్చుకునేటప్పుడు అది చాలా పెద్ద మేలు. ఇప్పటి సింథటిక్ కుచ్చులు చర్మానికి మెత్తగా తగులుతాయి. పదిహేనేళ్ల క్రితం దొరికినవాటితో వీటిని పోల్చకండి.

పంది వెంట్రుకల బ్రష్, అంటే బోర్ బ్రష్, నాకు స్వయంగా చాలా ఇష్టం. కానీ దానికి ఓపిక కావాలి. కొత్తలో ముళ్లలా గుచ్చుకుంటుంది, నాలుగు రోజులు వాసన కూడా వస్తుంది. వాడేముందు మూడు నాలుగు నిమిషాలు నీళ్లలో ఉంచాలి. నెల దాటాక ఒకరోజు కిటికీ వెలుతురులో నా బ్రష్‌ను కళ్ల దగ్గర పెట్టుకుని చూశాను. ప్రతి వెంట్రుక కొసా రెండుగా, మూడుగా చీలి ఉంది. బోర్ బ్రష్ మెత్తబడేది ఆ చీలికల వల్లే. మొదలు మాత్రం గట్టిగానే ఉంటుంది కాబట్టి గట్టి సోపు మీద బాగా పనిచేస్తుంది. బ్యాడ్జర్ నీళ్లు బాగా పట్టుకుంటుంది, వేడి నిలుస్తుంది, హాయిగా ఉంటుంది. కానీ ఖరీదు, ఆరడానికి టైమ్ పడుతుంది, మొదట్లో వెంట్రుకలు రాలుతాయి. జంతువుల వెంట్రుకలు వాడటం ఇష్టం లేనివాళ్లకు ఎలాగూ సింథటిక్ ఉంది. సైజు విషయానికొస్తే కుచ్చు మొదట్లో 22 నుంచి 24 మిల్లీమీటర్ల మందం ఉంటే ముఖానికి సరిపోతుంది. అంతకంటే లావుది తీసుకుంటే నురగ చెవుల దాకా పోతుంది.

పాతకాలపు బ్రష్ ఏదైనా దొరికితే ముచ్చటపడి వాడేయకండి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో శుద్ధి చేయని వెంట్రుకలతో చేసిన బ్రష్‌ల ద్వారా ఎంతోమంది సైనికులకు ఆంత్రాక్స్ అనే ప్రాణాంతకమైన జబ్బు సోకింది. పిడి నచ్చితే అది ఉంచుకుని కుచ్చు కొత్తది వేయించుకోండి.

సోపు కొనేటప్పుడు వెనక రాసిన పదార్థాల పట్టీ చదవండి. స్టియరిక్ యాసిడ్, పొటాషియం హైడ్రాక్సైడ్, గ్లిజరిన్ ముందు వరసలో కనిపిస్తే చాలావరకు మంచి గుర్తు. పొటాషియంతో చేసిన సోపు నీళ్లలో త్వరగా కరుగుతుంది, నురగ మెత్తగా వస్తుంది. సోడియంతో చేసినది గట్టిగా ఉంటుంది. షేవింగ్ సోపుల్లో తరచూ రెండూ కలిపి వాడతారు. స్టియరిక్ యాసిడ్ వల్ల నురగ నిలుస్తుంది. ఒంటి సోపుతో గీసుకుంటే నురగ ఒక చెంప పూర్తయ్యేలోపే చచ్చిపోయేది ఇందుకే. ట్యూబ్‌లో వచ్చే క్రీములో ముందే నీళ్లుంటాయి కాబట్టి కొత్తవాళ్లకు అదే తేలిక. ఘాటైన సువాసనలు మీ చర్మానికి పడకపోవచ్చు, మొదట వాసన లేనిదే తీసుకోండి.

మీ నీళ్లు ఎలాంటివో కూడా చూసుకోవాలి. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి సోపుతో కలిసి తెల్లటి తెట్టుగా మారతాయి, నురగ ఎంత తిప్పినా నిలవదు. అనుమానం ఉంటే ఒకసారి డిస్టిల్డ్ వాటర్‌తో నురగ చేసి చూడండి. ఒక చిన్న కప్పు చాలు. తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే తప్పు సోపుది కాదని తెలుస్తుంది. నేనొకసారి మంచి సోపును ఈ పరీక్ష చేయకుండానే పారేశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నురగ చేసే పద్ధతి మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకు ఇక్కడే ఉంది. బ్రష్ తడిపి రెండుసార్లు విదిలించండి. సోపు మీద ముప్పై సెకన్లు గుండ్రంగా తిప్పండి. కొసలకు చిక్కటి పేస్టులా పట్టాలి. ఇప్పుడు ముఖం మీద గానీ గిన్నెలో గానీ తిప్పడం మొదలుపెట్టి, బ్రష్ కొసలు మాత్రం నీళ్లకు తాకించి మళ్లీ తిప్పండి. ఒక్కోసారి మూడు నాలుగు చుక్కలు, అంతే. ఇలా ఐదారుసార్లు. మొదట నురగ సున్నం వేసిన గోడలా మెరుపు లేకుండా, తెల్లగా ఉంటుంది. నాలుగోసారికో ఐదోసారికో దాని మీద మెరుపు వస్తుంది. చాలామంది ఆ మెరుపు రాకముందే ఆపేస్తారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త నురగ తీసుకుని గట్టిగా నొక్కి రుద్దండి. వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకుంటే ఇంకా నీళ్లు కావాలి. ఎంత నొక్కినా జారుతూనే ఉంటే సరిపోయింది. కళ్లకు కనిపించే బుడగలు వచ్చి, నురగ గడ్డం మీంచి కారుతుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. మళ్లీ కొంచెం సోపు అంటించుకుంటే సరిపోతుంది. ఇంకో గుర్తు రేజర్ దగ్గర దొరుకుతుంది. నీళ్లలో ముంచగానే నురగ విడిపోవాలి. కుళాయి కింద పెట్టి గట్టిగా ఆడించాల్సి వస్తే మీ నురగ పొడిగా ఉన్నట్టే.

డబ్బా ఫోమ్‌లో కూడా సోపే ఉంటుంది, దాన్ని ఉబ్బించేది గ్యాసు. అంత ఎత్తున కనిపించే దాంట్లో చాలా భాగం గాలే. పైగా చేత్తో పూస్తే వెంట్రుకల మొదళ్ల దాకా పోదు. ఇప్పటికిప్పుడు బ్రష్ కొనలేకపోతే తడి ముఖం మీద ఫోమ్ తక్కువ వేసి, తడి చేతులతో నిమిషం పాటు రుద్ది చూడండి. కొంత ఉపశమనం ఉంటుంది.

నూనె సంగతి. నాకు దానివల్ల లాభం కనిపించలేదు. ఎక్కువైతే నూనె నురగను అణిచేస్తుంది, రెండు మూడు బ్లేడుల కార్ట్రిడ్జ్‌ల సందుల్లో పేరుకుంటుంది. చర్మం మరీ పొడిగా ఉంటే రెండే రెండు చుక్కలు తడి ముఖానికి రాసి, పైన నురగ పెట్టండి. అంతకంటే నీళ్లు కలిపిన గ్లిజరిన్ నయం. అది నీళ్లలో కలిసిపోతుంది, నురగతో గొడవపడదు. కార్ట్రిడ్జ్ పైన ఉండే రంగు పట్టీని నమ్ముకోకండి. తడవగానే జిగురుగా మారే పాలిమర్ అది. బ్లేడు దాటి వెళ్లిన తర్వాత చర్మానికి తగులుతుంది కాబట్టి మొదటి గీతకు దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఒకసారి గీసిన చోటే మళ్లీ గీయాల్సి వస్తే తప్పకుండా మళ్లీ నురగ పెట్టుకోండి. ఒట్టి చర్మం మీద "ఇంకొక్క గీత" అనుకోవడమే నా మెడ మీద సగం పొక్కులకు కారణం.

వాడాక బ్రష్‌ను బాగా కడిగి, విదిలించి, గాలి తగిలేచోట ఆరబెట్టండి. మూత ఉన్న పెట్టెలో తడిగా మాత్రం పెట్టొద్దు.

ఇక మీ మెడ. రెండు రోజులు పెరిగిన గడ్డం మీద వేళ్లు నాలుగు వైపులా నడిపించి చూడండి. ఏ వైపు నునుపుగా తగిలితే వెంట్రుకల వాలు ఆ వైపు. చెంపల మీద పై నుంచి కిందికి ఉన్నా, మెడ మీద చాలామందికి పక్కకో పైకో తిరిగి ఉంటుంది. నాకు ఎడమ పక్క అడ్డంగా ఉంది, ఆరేళ్లు దానికి ఎదురుగానే గీశాను. వాలు ప్రకారమే గీయండి, చర్మాన్ని సాగదీయకండి, రేజర్ బరువు తప్ప చెయ్యి నొక్కకండి. వంకీలు తిరిగిన వెంట్రుకలైతే మరీ నున్నగా గీస్తే కొస చర్మం లోపలికే తిరిగి పెరుగుతుంది, అప్పుడు పొక్కులు చీము పట్టే దాకా పోవచ్చు. అలాంటివి ఉంటే షేవింగ్ ఆపి చర్మ వైద్యులకు చూపించండి. మామూలు ఎరుపే అయితే, నీళ్లు సరిగ్గా పట్టిన నురగతో, ఎదురు గీయకుండా నాకు మూడు వారాల్లో తగ్గింది. ఆ మూడు వారాలూ మెడ మీద కాస్త గరుకు మిగిలినా వదిలేశాను.