మొదటి ఏడాది ఇంజినీరింగ్: జేబు ఖర్చు కంటే పెద్ద లెక్కలు

ప్రశ్న: మాది మహబూబాబాద్ జిల్లాలోని ఒక పల్లె. ఈ ఏడాది కన్వీనర్ కోటాలో హైదరాబాద్‌లోని ఇంజినీరింగ్ కళాశాలలో చేరాను. ఫీజు రూ.95,000. అందులో రూ.35,000 ప్రభుత్వం ఇస్తుందన్నారు. మిగతా రూ.60,000 నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టారు. పత్తి చేను, రెండు గేదెలే మాకు ఆధారం. నెలకు రూ.10,000 పంపుతున్నారు. హాస్టల్‌కు రూ.6,500 పోగా మిగిలింది ఇరవయ్యో తేదీకల్లా అయిపోతోంది. మళ్లీ అడగడానికి సిగ్గేసి, మధ్యాహ్నం భోజనం మానేస్తున్నాను. ఒక రుణ యాప్ గురించి స్నేహితులు చెప్పారు. తీసుకోవచ్చా? లేదా రాత్రిపూట డెలివరీ పనికి వెళ్లనా?

జవాబు: భోజనం మాత్రం మానకండి. పొద్దున్నే హాస్టల్‌లో డబ్బా కట్టి ఇస్తారేమో అడగండి. చాలా హాస్టళ్లలో ఇస్తారు. నెలకు వెయ్యి రూపాయల పైన అక్కడే మిగలవచ్చు.

మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ రూ.60,000 అప్పే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. నూటికి రెండు రూపాయలంటే నెలకు రూ.1,200, ఏడాదికి రూ.14,400. అసలు తీరకుండా ఉండిపోతే నాలుగేళ్లకు ఈ ఒక్క ఏడాది ఫీజు మీదే వడ్డీ రూ.57,600 అవుతుంది. దాదాపు అసలుకు సమానం. వచ్చే మూడేళ్ల ఫీజుకూ ఇదే దారి పట్టారంటే, మీరు కడుపు మాడ్చుకుని మిగిల్చేది ఆ వడ్డీలో ఏ మూలకూ రాదు.

కాబట్టి విద్యా రుణానికి దరఖాస్తు చేయండి. ఏటా రూ.60,000 చొప్పున నాలుగేళ్లకు మీకు కావలసింది రూ.2,40,000. రూ.4 లక్షల లోపు విద్యా రుణానికి బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగవు, తల్లిదండ్రుల్లో ఒకరు సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. వడ్డీ సాధారణంగా ఏడాదికి పది శాతానికి అటూ ఇటూ ఉంటుంది, అంటే నూటికి రూపాయి కంటే తక్కువే. చదువు పూర్తయ్యాక మరో ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.4.5 లక్షల లోపు ఉన్నవారికి, సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులకు ఆ కాలంలో వడ్డీ రాయితీ ఇచ్చే కేంద్ర పథకం కూడా ఉంది. కళాశాలకు న్యాక్ గుర్తింపు గానీ, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉండాలి. ఇవి విద్యా నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థలు, మీ కళాశాలకు ఉందో లేదో కార్యాలయంలో చెబుతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు, అంటే ప్రభుత్వమిచ్చే ఆ రూ.35,000కు, దరఖాస్తు చేసిన సంగతి దాచకుండా చెప్పి, ఈ రాయితీ మీకు వర్తిస్తుందో లేదో బ్యాంకులో తేల్చుకోండి. వర్తించకపోయినా ఊళ్లో వడ్డీ కంటే ఎంతో నయం. ఈ ఏడాది కట్టిన ఫీజు రసీదులు కూడా తీసుకెళ్లి, దానికీ రుణం ఇస్తారేమో అడగండి.

రెండో పెద్ద లెక్క ఆ రూ.35,000. “ఇస్తుందన్నారు” అని రాశారు. అది దానంతట అదే రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తుల వెబ్‌సైట్ ఈపాస్‌లో మీ దరఖాస్తు నమోదైందా, మీసేవలో వేలిముద్రలు పడ్డాయా, మీ బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమైందా, ప్రతులు కళాశాల కార్యాలయానికి చేరాయా అన్నది ఈ వారమే స్వయంగా వెళ్లి చూసుకోండి. ఏటా పునరుద్ధరణ కూడా ఉంటుంది. దానికి 75 శాతం హాజరు కావాలి.

హాజరును చదువు సంగతిగానే చూస్తారు గానీ నా దృష్టిలో అది డబ్బు సంగతి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం 65 నుంచి 75 శాతం మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి రుసుము కట్టాలి. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలే రాయనివ్వరు. చదువు ఒక ఏడాది వెనకబడితే హాస్టల్ ఖర్చే మరో రూ.78,000. అందుకే రాత్రి డెలివరీ పని వద్దంటున్నాను. అర్ధరాత్రి దాకా బండి నడిపి ఉదయం తరగతికి వెళ్లడం ఎక్కువ కాలం సాగదు. మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక, తీరిక ఉందనిపిస్తే సాయంత్రం గంటసేపు దగ్గర్లోని పిల్లలకు లెక్కలు చెప్పండి. అది మీ చదువుకూ పనికొస్తుంది.

ఇక నెల ఖర్చు. మొదటి రెండు నెలల లెక్క చూసి బెంబేలెత్తకండి. పరుపు, బకెట్, డ్రాఫ్టర్, ల్యాబ్ ఏప్రాన్, కాలిక్యులేటర్ మళ్లీ మళ్లీ కొనేవి కావు. వాటిని తీసేసి లెక్కేయండి. మిగిలే రూ.3,500లో బస్సు పాసు, ఫోను రీచార్జ్, రికార్డులు, జిరాక్సులకు రూ.1,000, జ్వరమొస్తేనో ఉన్నట్టుండి ఊరెళ్లాల్సి వస్తేనో రూ.500 పక్కన పెట్టండి. మిగతా రూ.2,000 వారానికి రూ.500. నెల మొత్తం డబ్బు ఒక్కసారే ఫోనులో కనిపిస్తుంటే మొదటి పది రోజులూ చెయ్యి ఆగదు. మీ ఇంట్లో గేదెలున్నాయి కాబట్టి ఒక మాట. హాస్టల్ సొమ్ము ఒకటో తేదీకి, మిగతాది పాల బిల్లు వచ్చినప్పుడల్లా రెండు విడతలుగా పంపమని నాన్నగారిని అడగండి. ఒక్కసారే పదివేలు సర్దాల్సిన భారం ఆయనకూ తగ్గుతుంది.

రుణ యాప్ జోలికి వెళ్లకండి. రుణం ఇచ్చే యాప్ మీ ఫోనులోని పరిచయస్తుల నంబర్లు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. ఆ అనుమతి అడిగిందంటే అక్కడితో ఆపేయండి. సక్రమమైన సంస్థే అయినా వాయిదా తప్పితే అది మీ క్రెడిట్ చరిత్రలో నమోదవుతుంది, రేపు విద్యా రుణం అడిగేటప్పుడు అడ్డొస్తుంది. అలాగే “నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం” అని ఎవరైనా అంటే, ఎంత దగ్గరివారైనా ఒప్పుకోకండి. సైబర్ మోసాల సొమ్ము అలాంటి ఖాతాల్లోంచే తిరుగుతుంది, కేసు ఖాతాదారు మీదే పడుతుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే బ్యాంకుకు చెప్పి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

నాన్నగారికి నిజం చెప్పండి. పస్తులుంటున్నారని తర్వాత తెలిస్తే ఆయన పడే బాధ ఇంకో వెయ్యి పంపే బాధ కంటే చాలా ఎక్కువ. ఈసారి ఊరెళ్లేటప్పుడు కళాశాల నుంచి బోనఫైడ్ (అక్కడ చదువుతున్నట్టు ధ్రువపత్రం), నాలుగేళ్ల ఫీజు వివరాల పత్రం తీసుకోండి. సీటు కేటాయింపు పత్రం, ఇంటర్ మార్కుల మెమో, ఆదాయ ధ్రువపత్రం, మీ ఇద్దరి ఆధార్, పాన్ కార్డులు జతచేసి, నాన్నగారితో కలిసి ఆయన ఖాతా ఉన్న బ్యాంకుకే ముందు వెళ్లండి. కాదంటే కారణం రాసివ్వమని అడిగి, విద్యా రుణాల దరఖాస్తులకున్న విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా మరో బ్యాంకుకు దరఖాస్తు చేయండి.