ఇంజన్ పని పెట్టే ముందు ఇది చదువు అబ్బాయ్

ఒరేయ్ చిన్నోడా, నీ లారీ ఆయిల్ తాగుతోందని, వచ్చే వారం ఆటోనగర్‌లో పెట్టి పిస్టన్ రింగులు, పైన వాల్వులుండే హెడ్ పని మాత్రం చేయించుకుని రోడ్డెక్కుతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మా తమ్ముడి కొడుకు సొంత బండికి లెక్కలేసుకునేంత వాడయ్యాడని ఎంత సంతోషమేసిందో, ఆ రింగుల మాట వినగానే అంత భయమేసింది, నిద్ర పట్టక కూర్చుని రాస్తున్నా.

1997 మే నెల. నూజివీడు మామిడికాయలు లోడేసుకుని నాగపూర్ పోతున్నాం, మీ నాన్న అప్పుడు నా దగ్గర క్లీనరు. అంతకు నెల ముందే ఇంజన్ విప్పించా. మేస్త్రీ సంపు, అదే ఇంజన్ కింది ఆయిల్ తొట్టి, దించి, పిస్టన్ రాడ్డుకీ అది తిప్పే క్రాంకు ఇరుసుకీ మధ్యుండే బిగెన్ బేరింగు ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు, పైన బూడిదరంగు పూత సగం లేచిపోయి కింద రాగి కనపడుతోంది. "అన్నా, క్రాంక్ గ్రైండింగ్‌కి పంపి మొత్తం చేసేద్దాం" అన్నాడు. సీజన్ పోతుందని నేనే వద్దన్నా, రింగులేసి వాల్వులు నూరి బిగించెయ్యమన్నా. బండి బాగానే లాగింది, కానీ వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి పడిపోయేది. మీ నాన్న రెండుసార్లు చూపించాడు, గేజీ పోయిందిలేరా అన్నా. కొత్త రింగులతో పైన కంప్రెషన్ పెరిగింది, ఆ దెబ్బంతా కింద అరిగిపోయిన బేరింగుల మీద పడింది. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే టకటకమని మొదలై, నేను కాలు తీసేలోపే రాడ్డు బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చింది. రోడ్డంతా ఆయిలు. వెనకొచ్చే బండ్లు జారిపోతాయని మీ నాన్న పక్కనున్న మట్టి చేతుల్తో ఎత్తి పోస్తూనే ఉన్నాడు, పదిహేడేళ్ళ పిల్లాడు. రెండు రోజుల ఎండకి కాయంతా కారిపోయింది. బ్లాకు పోయింది, క్రాంకూ పోయింది, సరుకు డబ్బులు మీ పెద్దమ్మ గాజులమ్మి కట్టా.

అందుకే చెప్తున్నా, నీది 2518 మోడల్ లారీ, కమిన్స్ ఇంజన్, ఆరు సిలిండర్లు, దానికి లైనర్లుండవు, అంటే పిస్టన్ ఆడే గొట్టాలు మార్చుకునేలా విడిగా ఉండవు, ఆ బోరు బ్లాకులోనే ఉంటది. అది కోలగా అరిగితే కొత్త రింగులు కూర్చోవు, లేత్‌లో బోరింగ్ చేయించి ఓవర్ సైజు పిస్టన్లు వెయ్యాల్సిందే. ముందు బండి బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో ప్రెషర్ చూడు. ఆయిల్ పోసే మూత తియ్యి, పొగ గుప్పుగుప్పున తన్నుతుంటే కింద రింగులూ బోరూ పోయినట్టే. కంప్రెషన్ ఆరింటికీ కొట్టించు. ప్రెషర్ బాగుండి, బోరు కొలత సరిపోయి, ఒట్టి గాస్కెట్టో వాల్వులో అయితే హెడ్ పనితో ఆపెయ్, ఎవడు చెప్పినా ఫుల్ ఇంజన్ దించకు. నల్లపొగ ఒక్కటే అయితే ఎయిర్ ఫిల్టరు, డీజిల్ నాజిల్సు, డీజిల్ పంపు చూపించు, ఇంజన్ జోలికే పోవద్దు. క్రాంక్ గ్రైండ్ చేయిస్తే దానికి సరిపోయే బేరింగేనా అని సైజు నీ కళ్ళతో చదువు. బిగించేటప్పుడు బోల్టు బిగువు కొలిచే టార్క్ రెంచి లేకపోతే ఒప్పుకోకు, టీకి కూడా పోకుండా అక్కడే ఉండు. ఇవన్నీ తెలీవా అని విసుక్కుంటావు, విసుక్కో, మీ నాన్న ఉండుంటే నేను ఇన్ని చెప్పేవాడ్ని కాదు.

డబ్బుల గురించి ఆలోచించి సగం పని చేయించొద్దు నాన్నా. నా దగ్గర అరవై వేలున్నాయి, కిస్తీలు అయ్యాక ఇద్దువులే. శనివారం పొద్దున బస్సుకి వస్తున్నా, అప్పటికి సంపు దింపించి ఉంచు. బేరింగు నేను చేత్తో పట్టుకుని చూడాలి.