గరాజ్‌లో ఇంజిన్ దించాడు, ఇంట్లో మాటలు ఆగిపోయాయి

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. మావారు సాఫ్ట్‌వేర్. మా అబ్బాయికి పదిహేడేళ్లు, పన్నెండో తరగతి. లైసెన్సు వచ్చాక 1998 హోండా సివిక్ కొనుక్కున్నాడు. సగం డబ్బు వాడు వేసవిలో పనిచేసి సంపాదించింది, సగం మావారిచ్చారు. మే నెలలో దారిలో బాగా వేడెక్కి ఇంజిన్ పాడైపోయింది. బాగుచేయించమంటే వినకుండా, 1994 ఇంటెగ్రా కారులోంచి తీసిన ఇంజిన్ కొనుక్కొచ్చాడు. దాన్ని ఎక్కిస్తానని అంతా విప్పి పెట్టాడు. నాలుగు నెలలైంది. నా ఇడ్లీ పళ్లేలు పట్టుకెళ్లి ఒక్కో గుంటలో ఒక్కో రకం బోల్టులు వేసి, పక్కన టేపు అంటించి పేర్లు రాసుకున్నాడు. మావారేమో "మెకానిక్ పని చేయడానికా అమెరికా వచ్చింది?" అంటున్నారు. వచ్చే ఆదివారానికి తీయకపోతే తుక్కువాళ్లని పిలిచి ఇచ్చేస్తానన్నారు. తండ్రీకొడుకుల మధ్య నెల రోజులుగా మాటల్లేవు. ఇంకో సంగతి. కాలేజీ ప్రవేశాలకి రాసే శాట్ పరీక్ష కోచింగ్‌కని ఆయనిచ్చిన 800 డాలర్లూ వాడు ఆ ఇంజిన్‌కే పెట్టేశాడు. నాకు ఆగస్టులో తెలిసింది, ఆయనకి చెప్పలేదు. ఇప్పుడు నేనేం చేయాలి?

జవాబు: చివర్న "ఇంకో సంగతి" అంటూ రాశారే, అసలు సంగతి అదేనండీ. ఇంజిన్ గొడవ వేరు, డబ్బు గొడవ వేరు. రెండూ ఒకే గరాజ్‌లో పడి ఉండటంతో కలిసిపోయాయి. మీవారు ఇంజిన్ చూసి అరుస్తున్నారు, మీరు డబ్బు సంగతి తలచుకుని నిద్రపోవడం లేదు. ఆయనకి తెలియని విషయం మీద ఆయన్ని ఒప్పించాలని చూస్తున్నారు మీరు. అది జరిగే పని కాదు.

కాబట్టి ముందు మీ అబ్బాయిని కూర్చోబెట్టండి. గరాజ్‌లో వద్దు, అక్కడ వాడి చేతిలో పానా ఉంటుంది, మీ మాట సగమే వింటాడు. కారులో ఎక్కడికైనా తీసుకెళ్తూ చెప్పండి. "ఆ 800 సంగతి శనివారంలోగా నాన్నకి నువ్వే చెప్పాలి. చెప్పకపోతే నేను చెప్తాను. నాకు ఆగస్టులోనే తెలిసిందన్న సంగతి మాత్రం ఎలాగూ నేనే చెప్పాలి, అది నా తప్పు." ఇంతే. దీనికి ఉపన్యాసం జోడించకండి.

మీవారికి మీ వంతు చెప్పేటప్పుడు "మీ కోపానికి భయపడే దాచాను" అనకండి. నిజమే కావచ్చు, కానీ అలా అన్న క్షణంలో నేరం ఆయన మీదికి వెళ్తుంది. "దాచాను, దాచకుండా ఉండాల్సింది" అంటే సరిపోతుంది. ఓ రెండు రోజులు ఆయనకి కొడుకు మీద కన్నా మీ మీదే ఎక్కువ కోపం ఉంటుంది. ఉండనివ్వండి. నా దగ్గరికి వచ్చే ఇలాంటి ఉత్తరాల్లో తల్లులు ఎక్కువగా భయపడేది ఆ రెండు రోజులకే. ఆ రెండు రోజుల్ని తప్పించుకోబోయి నెలలు గడిపేస్తారు.

ఇక ఆదివారం బెదిరింపు. కారు కాగితాలు మీవారి పేరు మీదే ఉండొచ్చు, ఇచ్చేసే హక్కూ ఉండొచ్చు. కానీ ఆయనకి ఒక్క మాట చెప్పండి. కారు తుక్కుకి పోతే వాడి తప్పు కూడా దాంతోపాటే పోతుంది. ఇప్పుడు వాడు మీకు 800 డాలర్లు బాకీ ఉన్న పిల్లాడు. సోమవారం పొద్దున్నకల్లా నాన్న చేతిలో అన్యాయమైపోయిన పిల్లాడవుతాడు. అబద్ధం సంగతి ఇక ఎవరూ మాట్లాడరు. నెలకి వంద చొప్పున ఎనిమిది నెలలు వాడి సంపాదనలోంచి తిరిగి కట్టించడమే అసలైన శిక్ష.

కోచింగ్ గురించి చిన్న మాట. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లు 2021 నుంచి అడ్మిషన్లకి శాట్ మార్కులు చూడటం లేదు. మీవాడి జాబితాలో అవే ఉంటే కోచింగ్ అక్కర్లేదని వాడు ముందే వాదించి ఉండొచ్చు, గెలిచేవాడు కూడా. వాదించకుండా డబ్బు మళ్లించాడు. ఎందుకు? ఇంట్లో వాదనకి చోటు లేదనుకున్నాడా? ఇది మీ ఇద్దరూ ఆలోచించుకోవాల్సిన ప్రశ్న, వాణ్ణి అడగాల్సింది కాదు.

మీవారి "మెకానిక్" మాట చదివి నాకు కాస్త గుచ్చుకున్న మాట నిజం. మా మేనమామకి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది. సెలవుల్లో నేనక్కడే పెరిగాను. చైన్ పుల్లీ కట్టి లారీ ఇంజిన్ దించుతుంటే మమ్మల్ని గుమ్మం అవతలే నిలబెట్టేవాడు. కొత్తగా చేరిన కుర్రాళ్లలో ఎవడు పనికొస్తాడో ఆయన బోల్టుల్ని బట్టి చెప్పేవాడు. విప్పినవన్నీ ఒకే డబ్బాలో పడేసేవాడికి ఏళ్ల తరబడి కడగడమే పని. ఏ బోల్టు ఎక్కడిదో విడిగా పెట్టుకున్నవాడికి ఏడాది తిరక్కుండా ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, విప్పే పని ఇచ్చేవాడు. మీ ఇడ్లీ పళ్లేల సంగతి చదవగానే నాకు ఆయనే గుర్తొచ్చాడు. గుంటకో రకం వేసి, పేరు రాసి పెట్టుకున్నవాడు కాలక్షేపం చేస్తున్న పిల్లాడు కాదు. మీవారిని ఒక్కసారి ఆ పళ్లేలు చూడమనండి. కారు వద్దు, పళ్లేలు చూస్తే చాలు.

అయితే వాడు చూసుకోని విషయం ఒకటుంది, లేదా చూసుకుని మీకు చెప్పలేదు. కారు 1998ది, ఇంజిన్ 1994ది. కాలిఫోర్నియాలో ఇంజిన్ మారిస్తే, కొత్తగా ఎక్కించేది కారు మోడల్ సంవత్సరానిదైనా కావాలి, అంతకన్నా తర్వాతిదైనా కావాలి. పాతది కుదరదు. ఆ ఇంజిన్‌తోపాటు దాని పొగ నియంత్రణ సామానంతా కూడా రావాలి. మామూలు స్మాగ్ స్టేషన్‌లో, అంటే కారు పొగ తనిఖీ చేసే చోట, పని అవదు, ఇలాంటివి చూడ్డానికి రాష్ట్రం పెట్టిన రిఫరీ దగ్గరికి తీసుకెళ్లి చూపించాలి. కాబట్టి ఇప్పుడున్న ఇంజిన్ ఎంత బాగా ఎక్కించినా ఆ కారు రోడ్డెక్కదు.

దీన్ని మీరు చెప్పకండి. మీవారిని అడగమనండి, "దీనికి స్మాగ్ ఎలా పాస్ చేయిస్తావు?" అని. తిట్టుగా కాదు, ఆఫీసులో తన టీమ్ వాళ్లని అడిగినట్టు. నెల రోజుల తర్వాత తండ్రి అడిగే మొదటి మాట అదైతే, వాడికి జవాబు వెతుక్కోవాల్సిన పని పడుతుంది. దారులు రెండున్నాయి. ఈ ఇంజిన్ అమ్మి 1998 లేదా ఆ తర్వాతి ఇంటెగ్రాది తెచ్చుకోవడం ఒకటి. పాత ఇంజిన్‌నే బాగుచేయడం రెండోది. బాగా వేడెక్కితే హెడ్ కింద సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. ఆయిల్ పాలు పోసిన టీ రంగులో కనిపిస్తే నీళ్లు కలిసినట్టే. హెడ్ వంగితే మెషీన్ షాపులో చదును చేయించాలి. నా మటుకు నాకు రెండోదే చవకనిపిస్తుంది. కానీ కారు వాడిది, లెక్క వాడే కట్టి మీ ముందు పెట్టాలి.

గడువు జనవరి నెలాఖరు దాకా ఇవ్వండి. యూసీ అప్లికేషన్లు నవంబరు చివరికి వెళ్లాలి, అప్పటిదాకా గరాజ్ పని ఆదివారాలు మాత్రమే. జనవరి దాటితే వాడే అమ్మేయాలి, ఆ మాట కాగితం మీద వాడే రాసివ్వాలి. రోడ్డెక్కని కారుని డీఎంవీలో, అంటే బళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో, ప్లాన్డ్ నాన్ ఆపరేషన్ (నడపని బండి) కింద పెట్టొచ్చు, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది. ఈ ఇంజిన్‌తో వ్యాసం రాస్తే కాలేజీలో సీటొస్తుందని మాత్రం ఎవరూ సలహా ఇవ్వకండి. వాడికి మిగిలిన ఒక్క చోటునీ లాక్కున్నట్టవుతుంది.

కొన్నిటికి బేరం లేదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరకూడదు, స్టాండ్లు వేయాల్సిందే. గరాజ్ తలుపు మూసి ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. ఇంజిన్ ఎక్కించేది ఒంటరిగా చేసే పని కూడా కాదు. ఒకరు ఇంజిన్ని వేలాడదీసే హాయిస్టు మెల్లగా దించుతుంటే ఇంకొకరు కిందనుంచి చూసి ఇంజిన్ బిగించే మౌంటు రంధ్రం కలిసిందో లేదో చెప్పాలి. ఆ రెండో మనిషి ఎవరన్నది మీరు కుదర్చకండి. వాడే వచ్చి అడగనివ్వండి. వాడు స్నేహితుణ్ణి పిలిస్తే ఏమీ అనకండి.

ఆ ఇడ్లీ పళ్లేలు మాత్రం, ఎంత తోమినా సరే, మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి. కొత్తవి కొనుక్కుని, ఆ బిల్లు కూడా 800కి కలపండి.