గేమ్‌లో గుర్రం పరిగెడితే నాకెందుకు వికారం?

ప్రశ్న: నా వయసు 38. తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం. ఈమధ్య ప్లేస్టేషన్ 5 కొన్నాం. కొన్నది మా అబ్బాయి కోసమే అయినా, ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ మొదలుపెట్టాక వదల్లేకపోతున్నది నేనే. కానీ అరగంట ఆడేసరికి నుదురు బరువెక్కి, కడుపులో తిప్పుతుంది. గుర్రమెక్కి గడ్డి మైదానాల్లో వెళ్తున్నప్పుడు మరీ ఎక్కువ. శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను. ఒక శనివారం రాత్రి ఆడుతుంటే వాంతి కూడా అయింది. మావారు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసినా ఇదే బాధ. మా అబ్బాయికి మాత్రం ఏమీ కాదు, పైగా నవ్వుతాడు. అత్తమ్మ దిష్టి తీశారు. మావారేమో ఎంఆర్‌ఐ తీయిద్దామంటున్నారు. నాకు నెలకోసారి మైగ్రేన్ వస్తుంది. కొండకు బస్సులో వెళ్తే చిన్నప్పటి నుంచీ వాంతులే. గేమ్ మానేయాలా? బస్సు మాత్ర వేసుకుని ఆడొచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఎంఆర్‌ఐ అక్కర్లేదు, గేమ్ మానేయాల్సిన పనీ లేదు. దిష్టి తీయడం వల్ల నష్టమేమీ లేదు కాబట్టి అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. కొండ బస్సు సంగతి మీరే రాశారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది.

మన లోపలి చెవిలో ఒక్కో వైపు మూడేసి సన్నటి గొట్టాలు ఉంటాయి. తల తిప్పినప్పుడల్లా వాటిలోని ద్రవం కదిలి, ఎటు తిరిగామో మెదడుకు తెలుస్తుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో మీరు ఫోన్ చూస్తున్నారనుకోండి. కదులుతున్నామని చెవి చెబుతుంది, ఫోన్ మీదున్న కన్ను కదలడం లేదంటుంది. గేమ్‌లో ఇది తిరగబడుతుంది. గుర్రం పరిగెడుతోందని కన్ను చెబుతుంది, చెవికేమో మీరు దివాన్ మీద కదలకుండా కూర్చున్నట్టే తెలుస్తుంది. ఈ రెండు కబుర్లూ పొసగక మెదడు తికమకపడితే వికారం మొదలవుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లకు, బస్సు పడనివాళ్లకు ఇది త్వరగా వస్తుంది. ఆడవాళ్లలో కాస్త ఎక్కువే, నెలసరి రోజుల్లో ఇంకొంచెం పెరగొచ్చు. మీ అబ్బాయికి రాలేదంటే అది వాడి శరీర తత్వం, అందులో గొప్పేమీ లేదని వాడితో చెప్పండి.

పక్కన కూర్చుని చూసినా బాధగానే ఉందన్నారు. బస్సులో అందరికీ తిప్పినా డ్రైవర్‌కు తిప్పదు కదా! మలుపు ఎటు వస్తుందో ఆయనకు ముందే తెలుసు. గేమ్‌లో ఆ డ్రైవర్ కంట్రోలర్ పట్టుకున్నవారే. కాబట్టి ‘మావారు ఆడతారు, నేను చూస్తాను’ అనే ఏర్పాటు మీకు పనికిరాదు. కంట్రోలర్ మీరే తీసుకోండి, ఆయన్ను చూడమనండి.

మాత్రల కంటే ముందు సెట్టింగ్స్ మార్చి చూడండి. కెమెరా షేక్ (తెర మీద దృశ్యం అదరడం), మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ అలికినట్టు కనబడటం) ఉంటే ఆపేయండి. కెమెరా, అంటే గేమ్‌లో మనకు కనబడే కోణం, తిరిగే వేగం తగ్గించండి. పర్ఫార్మెన్స్, రిజల్యూషన్ అని రెండు మోడ్‌లు ఉన్న గేమ్‌లలో పర్ఫార్మెన్స్ ఎంచుకోండి, బొమ్మ కదలిక నున్నగా ఉంటుంది. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, మీరు నొక్కడానికీ తెర మీద కదలడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది. ఈ ఆప్షన్లన్నీ ప్రతి గేమ్‌లోనూ ఉండవు, ఉన్నంతవరకు మార్చండి.

ఆడే తీరు కూడా ముఖ్యమే. గుర్రం పరిగెడుతుండగా కంట్రోలర్‌లోని కుడి స్టిక్‌తో కెమెరాను గిరగిరా తిప్పడమే అసలు చిక్కు. ఎటు వెళ్లాలో తెలియక చాలామంది అలా తిప్పుతారు. మీ గేమ్‌లో ఆ అవసరం తక్కువ. కంట్రోలర్ మధ్యలోని టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే గాలి వీచి దారి చూపుతుంది, గడ్డి ఎటు వంగితే అటు వెళ్లడమే. కెమెరాను కదపకుండా ఉంచి, చూపు దూరంగా పెట్టండి. టీవీకి దగ్గరగా నేల మీద కూర్చోవద్దు, గదిలో లైటు ఆర్పేయొద్దు. తెర చుట్టూ గోడ, కిటికీ కనబడుతుంటే కంటికి ఒక ఆధారం ఉంటుంది.

ఒక్కపొద్దు రోజున ఖాళీ కడుపుతో ఆడకండి. పీకల దాకా తిన్న వెంటనే కూడా వద్దు. వాంతి దాకా రాకముందే శరీరం చెబుతుంది: ఊరికే ఆవలింతలు, నోట్లో నీళ్లూరడం, చల్లటి చెమట, ముఖం పాలిపోవడం. ఆ దశలోనే ఆపేయండి. ‘ఈ ఒక్క గుడారం గెలిచి ఆపుతా’ అంటే కుదరదు. ఓర్చుకుని ఆడితే అలవాటైపోతుందని కుర్రాళ్లు సలహా ఇస్తుంటారు, నేను ఒప్పుకోను. అలవాటు అయ్యేది ఇబ్బంది మొదలుకాకముందే ఆపితేనే. మొదట పది, పదిహేను నిమిషాలు, బాగుంటే నెమ్మదిగా పెంచండి. ఆపాక కూడా తల తేలిపోతున్నట్టుంటే, అది తగ్గేదాకా స్కూటీ తీయకండి.

బస్సు మాత్రల్లో ఎక్కువగా ఉండేది ప్రోమెథాజైన్ లాంటి మందు. నిద్ర ముంచుకొస్తుంది, నోరు ఎండుతుంది, గ్లకోమా (కంట్లో నీటికాసులు) ఉన్నవారికి మంచిది కాదు. ఎప్పుడో ఒక ప్రయాణానికి సరే గానీ, రోజూ గేమ్ ఆడటానికి వేసుకోకండి. అల్లం మురబ్బా చప్పరించండి, కొందరికి బాగా పనిచేస్తుంది. మైగ్రేన్ నెలకోసారి వస్తోందంటే దానికి విడిగా డాక్టర్‌ను కలవండి. అది అదుపులోకి వస్తే ఇదీ కొంత తగ్గవచ్చు.

గేమ్ ఆడని రోజుల్లోనూ తల తిరుగుతున్నా, మంచం మీద పక్కకు ఒత్తిగిలినప్పుడు గది గిర్రున తిరిగినా, చెవిలో హోరు వచ్చినా, వినికిడి తగ్గినా అది వేరే సమస్య. రుయా ఆసుపత్రిలోనో, మీకు తెలిసిన మరోచోటనో ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. మాట తడబడినా, వస్తువులు రెండుగా కనిపించినా, చెయ్యి పట్టుతప్పినా ఓపీ దాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మీ అబ్బాయి ఆడుతూ ఆడుతూ పలకకుండా ఉండిపోయినా, మెరుపుల్లాంటి లైట్లు వచ్చినప్పుడు చేతులు ఎగిరిపడినా అది మూర్ఛ కావచ్చు, న్యూరాలజిస్ట్‌కు చూపించండి. అది వచ్చినప్పుడు తెర మీద ఏం నడుస్తోందో కూడా చెప్పండి, పరీక్షలు నిర్ణయించడానికి ఆ వివరం అవసరం.